చెరిపినా పోని అడ్రసు

హులిగమ్మ ఆఫీసులోకి వచ్చింది కానీ కూర్చోలేదు. మెడ మీది పచ్చి గాటును కొంగుతో కప్పుకుని షబానా బల్ల ముందు నిలబడింది.

“యెమ్మిగనూరులో నేనుండే ఇల్లు నీకు తప్ప ఇంకెవురికి తెలుసు మేడం? మా ఇంటాయన నిన్న సక్కగా తలుపు కాడికే వచ్చినాడు.”

ఆదోనిలోని ఆ మహిళా సహాయ కేంద్రానికి వచ్చేవాళ్ల వివరాలు కంప్యూటర్లో ఎక్కించేది షబానాయే. మొగుడు రంగన్న దెబ్బలకు తాళలేక చిప్పగిరి నుంచి పారిపోయి వచ్చిన హులిగమ్మ, తన పేరూ కొత్త అడ్రసూ ఎక్కడా ఉండకూడదని రెండు నెలల కిందటే అడిగింది.

“నీ కండ్ల ముందరే తీసేస్తి గదక్కా!” అంది షబానా.

“సూసినాను. అందుకే నమ్మినాను.”

పక్కింటి మగ్గాలవాళ్లు పరుగెత్తుకొచ్చి రంగన్నను తరిమారట. అంతవరకే చెప్పి హులిగమ్మ వెళ్లిపోయింది.

షబానా అనుమానం బసవరాజు మీదికి పోయింది. వారానికోసారి వచ్చి కంప్యూటర్లు చూసిపోయే మనిషి. పాస్‌వర్డులన్నీ అతని దగ్గరే ఉన్నాయి. పైగా ఆ వివరాలు తీసేయక ముందు ఒకరోజు తెర మీద పేరు చూసి, “ఈ హులిగమ్మది ఏ ఊరు?” అని అడిగాడు. తన పిన్నమ్మదీ అదే పేరన్నాడు. అప్పుడు మామూలుగా అనిపించిన మాట ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది.

మరుసటి రోజు అతను వస్తే షబానా పక్కనే కుర్చీ వేసుకుని, అతని వేళ్లనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఉండబట్టలేకపోయింది.

“బసవరాజన్నా, హులిగమ్మ అడ్రసు ఎవురికి సెప్పినావు?”

అతని ముఖం వాడిపోయింది. వివరాలన్నీ దాచే ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. తెర నిండా పిచ్చి గీతలు. వెతికే గడిలో హులిగమ్మ పేరు కొట్టాడు. ఆ గీతల నడుమ పేరు, వీధి, ఇంటి నంబరు అన్నీ ఉన్నాయి.

“డిలీట్ కొడితే కంప్యూటరు ఈ సోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటాదంతే. కొత్తది వచ్చి పైన పడేదాకా పాత రాత అట్లే ఉంటాది,” అన్నాడు.

“ఈ సంగతి తెలిసినోడివి నువ్వొక్కడివే గదా!”

“అవును. మరి ఈ ఫైలు నకలు యాడికి పోయింది? అది సెప్పు.”

షబానాకు అప్పుడు గుర్తొచ్చింది. వార్షిక నివేదిక కోసమని పోయిన నెల యెమ్మిగనూరు శాఖలోని జాషువాకు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చింది తానే.

ఆ పూటే బస్సెక్కింది. జాషువా మొదట బుకాయించాడు. “ఆ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిసినావా లేదా?” అని ఆమె నిలదీస్తే తల దించుకున్నాడు.

“రంగన్నా నేనూ ఒకే బడి. భార్య కనపడలేదని నా ముందర కూసోని ఏడ్సినాడక్కా. లిస్టులో పేరు లేదు. ఊరికే వెతికి సూస్తే దొరికింది. కలిపితే పుణ్యమనుకున్నా.”

“ఆమె మెడ సూసినావా నువ్వు?”

షబానా అతని చేతే అంతా కాగితం మీద రాయించుకుని కేంద్రం పెద్దలకు ఇచ్చింది. వారం తిరగకుండా అతన్ని పనిలోంచి తీసేశారు.

బసవరాజు ఫైలు మొత్తాన్ని కొత్తగా రాయించి, పాతది ఉన్న చోట సున్నాలు నింపాడు. ఇక మీదట తీసేసిన ప్రతి ఎంట్రీ మీదా సున్నాలు పడేలా అమర్చాడు. యెమ్మిగనూరు కంప్యూటర్నీ, ఆ పెన్‌డ్రైవ్‌నూ అలాగే తుడిచాడు. అయినా షబానా ఊరుకోలేదు. తీసేయమని అడిగిన పదిహేడు మంది పేర్లూ ఒక్కొక్కటే కొట్టి వెతికింది. ఏదీ దొరకలేదు.

“నా మీద ఇంగా అనుమానముందా?” అన్నాడు బసవరాజు.

“తప్పయిందన్నా,” అంది. అయినా పాస్‌వర్డులు మాత్రం ఆ రోజే మార్పించింది. అతను నొచ్చుకున్నాడో లేదో తెలియలేదు.

అప్పటికే హులిగమ్మ ఇల్లు మారింది. షబానా ఫోన్ చేసి జరిగిందంతా చెప్పి, క్షమించమని అడిగింది. హులిగమ్మ ఊఁ కొడుతూ విన్నది.

“ఇప్పుడు యాడుండావక్కా?” అలవాటుగా నోరు జారింది షబానా.

“బాగుండాను మేడం,” అని హులిగమ్మ ఫోన్ పెట్టేసింది.