నీడ లేని గూడు

బావ భక్తవత్సలం తీసిన కొంగ బొమ్మకు ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిందని తెలిసిన రోజు మునిరత్నానికి అన్నం సయించలేదు. ఎట్లా సయిస్తుంది? చింతాద్రిపేటలో ఫోటో స్టూడియో పెట్టుకున్నది తను. అక్కను చేసుకున్న ఆ మనిషికి కెమెరా పట్టుకోవడం నేర్పింది తను. హార్బరులో గుమాస్తాగిరీ వెలగబెట్టే బావ ఆదివారాలు పిట్టల వెంట తిరిగి పేపర్లోకెక్కాడు, తనేమో పెళ్ళికొడుకుల మొహాలకు లైట్లు సర్దుతూ మిగిలిపోయాడు. కడుపు మండదూ?

పైగా ఇంట్లో పెళ్ళాం పంకజం ఒకటి. "అన్న తీసిన కొంగను చూస్తిరా? పేరు పిలిస్తే పలికేట్టుండాది!" అంటూ మజ్జిగ పోసింది.

"కొంగదేముందే? గంటసేపు ఒంటికాలి మీద నిలబడే ఉంటుంది. ఎవడైనా తీస్తాడు" అని విసురుగా లేచిపోయాడు మునిరత్నం.

ఆ వేసవిలో వాళ్ళ పెరట్లోని కరివేపాకు చెట్టు మీద పిగిలిపిట్ట గూడు పెట్టి పిల్లల్ని చేసింది. పంకజం ఆ చెట్టు జోలికి పోకుండా పక్కింటి చెల్లమ్మనడిగి కరివేపాకు తెచ్చుకుంటోంది. ఈ సంగతి ఎట్లా తెలిసిందో ఏమో, బావ కబురంపాడు. "ఈ ఆదివారం ఆడికొస్తా. దూరంగా కూర్చొని రెండు బొమ్మలు తీసుకుంటా."

మునిరత్నం గుండెల్లో రాయి పడింది. చెట్టు తనది, పెరడు తనది, పేరు మాత్రం బావదా!

శనివారం పంకజం రాయపురంలోని పుట్టింటికి పోగానే స్టూలు వేసుకుని కెమెరా బిగించాడు. గూటి చుట్టూ ఆకులు, లోపలంతా చీకటి. ఇట్లాంటప్పుడు ఫోటోలవాళ్ళు రెమ్మల్ని దారంతో పక్కకు కట్టి, పని కాగానే విప్పేస్తారు. మునిరత్నమూ దారం తీశాడు. కానీ ఆ దారం బొమ్మలో కనబడితే? బావ చూసి నవ్వడూ? దారం జేబులో పెట్టేసి, కత్తెర తెచ్చి ఎండవైపు రెమ్మలన్నీ కత్తిరించేశాడు.

నడివేసవి కత్తిరి ఎండ నేరుగా గూట్లోకి దిగింది. తల్లి పిట్ట వచ్చి గూటి అంచున నిలబడి, రెక్కలు విప్పి పిల్లలకు అడ్డం పట్టింది. ముక్కు తెరిచి రొప్పుతోంది. మేతకు కదల్లేదు. ఆహా, ఏం పోజు! మునిరత్నం ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పాపం అనిపించకపోలేదు, కానీ ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ రీలు మొత్తం నొక్కాడు. రీలు మార్చుకోవడానికి వసారాలోకి వచ్చాడు. ఆ కాసేపట్లోనే తల్లి తట్టుకోలేక కుళాయి దగ్గరి తడికోసం దిగింది. గోడమీది కాకి ఎప్పట్నించి కనిపెట్టుకుని ఉందో, పిల్లల్ని తన్నుకుపోయింది.

సాయంత్రం పంకజం బోసిపోయిన కొమ్మను చూసి, "ఏందండీ ఇది?" అంది. మునిరత్నం తల వంచుకుని జరిగింది చెప్పాడు. మర్నాడు వచ్చిన బావతో మాత్రం, "పిల్లలు ఎగిరిపోయె బావా" అని చెప్పి పంపించాడు.

మరుసటి ప్రదర్శనలో 'మాతృప్రేమ' అని పేరుపెట్టిన ఆ బొమ్మ మొదటి బహుమతి కొట్టింది. జనం దాని ముందు నిలబడి బుగ్గలు నొక్కుకుంటున్నారు. మునిరత్నానికి వాళ్ళెవరూ అక్కర్లేదు. బావ మొహం మాడిపోవాలి, అది తను చూడాలి, అంతే.

బావ వచ్చాడు. చాలాసేపు చూశాడు. కళ్ళు తుడుచుకుని బావమరిది భుజం మీద చెయ్యేశాడు. "ఒరే, ఇట్లాంటిది జన్మలో నా చేత కాదురా. ఆ తల్లిని చూడు, ఎంత ప్రేమో!"

ఆ మాటలో అసూయ వీసమెత్తు లేదు. మునిరత్నానికి ఒళ్ళు మండింది.

"నీ చేత కాకపోయేదే మేలన్నా" అంది పక్కనే ఉన్న పంకజం. "అది ఎండకు అడ్డం నిలబడి ఉండాది. ఆకులు ఈయనే కోసేసె. పిల్లల్ని ఆ పొద్దే కాకి ఎత్తుకపోయె."

భక్తవత్సలం మళ్ళీ బొమ్మ వైపు చూశాడు. భుజం మీది చెయ్యి మెల్లగా తీసేశాడు. గుమ్మం వైపు నడిచాడు. పంకజం, "ఉండన్నా, నేనూ వస్తా" అని ఆయన వెంటే వెళ్ళిపోయింది.

బహుమతి కప్పు చేత పట్టుకుని మునిరత్నం ఒక్కడే నిలబడ్డాడు. తన పెళ్ళాం ఆ మనిషి వైపు ఎంత గౌరవంగా చూసిందీ! అప్పుడు కూడా అతనికి బావంటే కుళ్ళే పుట్టింది.