పైపు ముక్కల అక్షరాలు

నర్సింహులపేటలో ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు చేసే బుష్రాకు ఒక అలవాటుంది. బస్సెక్కితే కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా బోర్డులు చదువుతుంది. ఏ అక్షరం తన కంప్యూటర్లో ఉంది, ఏది లేదు అని మనసులోనే లెక్కేసుకుంటుంది. చాలాసార్లు అన్నీ తెలిసినవే ఉంటాయి.

మార్చిలో గంగారం బడికి వార్షికోత్సవం ఫ్లెక్సీ ఇవ్వడానికి పోతుంటే ఊరి కమాను మీద సిమెంటు అక్షరాలు కనబడ్డాయి. 'గంగారం'. అంతే. కానీ అలాంటి అక్షరాలు ఆమె ఎన్నడూ చూడలేదు. గ అంటే బోర్లించిన అరచక్రం. సున్న అంటే నిండు చక్రం. ర కూడా అదే చక్రం, కాకపోతే నెత్తిన ఒక మొద్దు తలకట్టు. ఒక్క గీతా సన్నబడదు, ఒక్క కొసా వయ్యారం పోదు.

బడిలో అటెండరు పూల్‌సింగ్‌ను అడిగింది.

"గది బచ్చన్నపేట మేస్త్రి పోసిండక్కా. ఆగయ్య అంటరు. కమాను కట్టింది గూడ ఆయనే."

ఆ శుక్రవారం దుకాణం మూసి జనగామ పోయి, అక్కడ బస్సు మారి బచ్చన్నపేట చేరింది. "అక్షరాల కోసం అంత దూరమా?" అని తండ్రి మక్బూల్ అన్నాడు గానీ ఆపలేదు.

ఆగయ్యకు డెబ్బై దగ్గర పడ్డాయి. అరుగు మీద కూర్చుని తాపీ కడుక్కుంటున్నాడు.

"బాపూ, ఆ అక్షరాలు ఎట్ల గీసినవు?"

"నేనేడ గీసిన బిడ్డా? పోసిన."

లోపలికి పోయి గోనెసంచి తెచ్చి గుమ్మరించాడు. అన్నీ బోరు పైపును అరచేతి వెడల్పున కోసిన ముక్కలే. పెద్ద ముక్క నడుమ చిన్న ముక్క పెట్టి, మధ్య సందులో సిమెంటు పోస్తే సున్న. అవే సగానికి కోసి పెడితే గ.

"మరి ఇంత లావెందుకు?"

"సన్నగ పోస్తే అచ్చు తీసేటప్పుడు పుటుక్కున ఇరుగుతది. లావు నా ఇష్టం గాదు, సిమెంటు ఇష్టం."

బాగా చదువుకున్న వాళ్లెవరో ఆలోచించి గీసి ఉంటారనుకున్న బుష్రాకు నవ్వాగలేదు. ఆయన పోసినవన్నీ ఊళ్ల పేర్లే కాబట్టి సగం అక్షరాలు ఆయన దగ్గర లేనే లేవు.

"ఝ ఎట్ల బాపూ?"

"ఝ ఉన్న ఊరు నాకు తగల్లే."

పొద్దు వాలేదాకా ఇద్దరూ నేల మీద ముక్కలు పేర్చారు. కొన్ని చటుక్కున కుదిరాయి. ఋ మాత్రం మొండికేసింది. అన్నిటినీ ఫొటోలు తీసుకుని వచ్చి, మూడు నెలలు కూర్చుని కంప్యూటర్లో ఫాంటు చేసింది. నీ పేరే పెడతానంటే ఆగయ్య ఒప్పుకోలేదు. 'గంగారం' అని పెట్టింది.

కొత్త మోజు కదా, మహబూబాబాద్ బట్టల వ్యాపారి కైలాసం కూతురి పెళ్లిపత్రిక మొత్తం ఆ అక్షరాలతోనే కొట్టింది. మర్నాడే ఆయన పత్రిక పట్టుకుని వచ్చాడు.

"ఏందమ్మా గిది? నా బిడ్డ పేరు పల్లవి. గీడ వల్లవి అని పడ్డది."

టైపింగులో తప్పు లేదు. బుష్రా భూతద్దం పెట్టి చూసింది. ప మీద తలకట్టు ఎడంగా ఉండాలి, 'వ' మీదైతే అంటుకోవాలి. ఆ లావు గీతల్ని చిన్నవి చేసేసరికి సందు సిరాతో పూడిపోయింది. కమాను మీద రాజులా కూర్చున్న అక్షరం పత్రికలో నల్లటి ముద్దయింది. తప్పు తనదేనని ఒప్పుకుని, వధూవరుల పేర్లు రెండూ పెద్దగా ఆ అక్షరాల్లో, మిగతాదంతా మామూలు సన్న అక్షరాల్లో మళ్లీ కొట్టిచ్చింది. మరి ఈ లావు అక్షరానికి జాగా ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు.

ఆగస్టులో వానలు ముదిరాయి. పక్క ఊరి పంచాయతీ కార్యదర్శి హరిత దుకాణానికి వచ్చింది.

"వాగు రోడ్డు మీదికెళ్లి పారుతున్నా బండ్లు దింపుతున్నరు బుష్రా. ఫ్లెక్సీ కడితే గాలికి చిరుగుతాంది. జర ఏమన్న చెయ్యి."

బుష్రా ఆగయ్యకు ఫోన్ చేసింది. ఆయన సంచితో దిగాడు. వాన తెరిపిచ్చిన రెండు రోజుల్లో వాగుకు ఇరుపక్కలా రోడ్డు అంచున గోడలు లేపి, సున్నం కొట్టి, ఆ తెలుపు మీద, పైపులు చాలక బావి ఒరల్ని అచ్చుగా పెట్టి పోసిన మనిషెత్తు నల్లటి అక్షరాలు రెండు నిలబెట్టారు. 'ఆగు'.

"నా పేరుల సగమే రాసినవు గదా బిడ్డా," అన్నాడు ఆగయ్య.

మళ్లీ వాగు పొంగిన పొద్దున బుష్రా గొడుగేసుకుని చూడబోయింది. ఒక ఆటో దూరంగా చింతచెట్టు కాడే ఆగిపోయింది. నడిపే సంజీవ తల బయటపెట్టి ముందుకు చూస్తున్నాడు. బుష్రా దగ్గరికి పరుగెత్తింది.

"అన్నా, ఇంత దూరం నుంచి చదవచ్చిందా?"

"నాకు సదువు రాదక్కా. గంత నల్లగ, గంత లావుగ ఏందో అడ్డం నిలబడ్డట్టు కొట్టింది. ఏమున్నదో అని ఆపిన."

అక్షరాన్ని చదువుతారనే బుష్రా ఇన్నేళ్లూ అనుకుంది. సంజీవ ఆటో తిప్పుకుని చుట్టుదారిన పోయాడు. ఆమె వానలోనే ఆగయ్యకు ఫోన్ కలిపి జరిగింది చెప్పింది.

"గట్లనా?" అన్నాడాయన. "అయితే బిడ్డా, ఇంకో వాగు ఏడున్నదో సూడు. నేనొస్త."