వారెంట్లో లేని తలుపు

నేను ఒక తాళాన్ని. అలీగఢ్‌లో ఇత్తడి కరిగించి నన్ను పోతపోశారు. సుత్తితో బాది, ఊడిరాలేదని మెచ్చుకుని అమ్మకానికి పంపారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మెప్పు మీదే కోపం వస్తుంది.

మొదట కాకినాడలో ఒక బట్టల కొట్టుకు కాపలా కాశాను. కొట్టు మూతపడ్డాక, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు అద్దెకిచ్చే కొండలరావు నన్ను కొని, ఇంటి వెనక రేకుల షెడ్డుకు వేశాడు. లోపల చమ్కీ అనే ఆడగుర్రం. ఓ ఊరేగింపులో టపాకాయలకు బెదిరి పడి, కాలు విరిగింది. పెళ్లికొడుకుని మోయలేని గుర్రానికి మేత దండగనుకున్నాడాయన.

పక్కింటి నీలవేణి గోడ కంతలోంచి గడ్డి తోసేది. కొండలరావు ఆ కంతకు రేకు కొట్టించాడు. ఆమె పోలీసు స్టేషనుకు వెళ్లింది.

ఎస్సై జోసెఫ్, పశువుల డాక్టరు సునంద సెర్చ్ వారెంట్ పట్టుకొచ్చారు. ముందున్న శాలలో రెండు గుర్రాలు నిగనిగలాడుతున్నాయి. ఇంతలో నా వెనక డెక్క తలుపును గీరింది.

"అదేంటి? తియ్యండి," అంది సునంద.

"ఆ షెడ్డు మా బావమరిదిదండీ. మీ కాగితంలో ఉందేమో చూసుకోండి," అన్నాడు కొండలరావు ఎంతో వినయంగా.

జోసెఫ్ చూశాడు. లేదు. నన్ను చేత్తో పట్టుకుని వదిలేశాడు.

"పగలగొట్టండయ్యా! లోపల చచ్చిపోతోంది," అంటూ నీలవేణి రాయి అందుకుంది.

"వద్దమ్మా. ఇలా తెరిస్తే కోర్టులో గుర్రం సంగతి ఎవరూ అడగరు, నా సంగతే అడుగుతారు. ఇప్పుడే వెళ్లి ఇంకో వారెంట్ తెస్తాను."

ఆయనది తప్పని అనలేను. కాగితం లేకుండా తలుపులు పగలగొట్టడం మొదలైతే నీలవేణి తలుపుకీ భరోసా ఉండదు. కానీ లోపలి ఊపిరి నాకు వినబడుతోంది. ఊడిపోవాలని ఎంత అనుకున్నా, నన్ను అలా చెయ్యలేదే!

మేజిస్ట్రేటు సెలవు. ఇన్‌చార్జి వేరే ఊళ్లో. జోసెఫ్ తిరుగుతూనే ఉన్నాడు. నీలవేణి తలుపు కిందనుంచి నీళ్లు పోస్తూనే ఉంది. మొదట్లో నాకడం వినిపించేది. తరవాత నీళ్లు వెనక్కి పారి ఆమె పాదాలు తడిపేవి.

కొత్త వారెంట్ వచ్చాక కొండలరావే తాళంచెవి తెచ్చి నన్ను తీశాడు. సునంద లోపలికెళ్లి కూర్చుని, చమ్కీ చల్లబడ్డ మెడ మీద చెయ్యి పెట్టి, ఇక లేవలేదు.

"చట్టప్రకారమే చేశానమ్మా," అన్నాడు జోసెఫ్, నీలవేణి వైపు చూడకుండా.

"మిమ్మల్ని ఏమీ అనట్లేదయ్యా. తలుపు తియ్యమన్నానంతే," అంది నీలవేణి.

నన్ను గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, స్టేషను బీరువాలో పెట్టారు. కేసు నడుస్తోందట. ఈ బీరువాకి వేరే తాళం ఉంది. దాన్ని రోజూ తీస్తారు, వేస్తారు. దానిది అదృష్టం.