మైకులో చెప్పాల్సిన పేరు

ఈ అరబ్బు దేశంలో మా సూర్ ఊరి తెలుగు సంఘం సభల్లో పిల్లలు పాడేది తక్కువ, పెద్దలకు శాలువాలు కప్పేది ఎక్కువ. యాంకర్‌ని నేనే కాబట్టి ఆ విసుగంతా నా ప్రాణానికే చుట్టుకుంటుంది.

ఈసారి మా అమ్మాయి మనోజ్ఞ ట్రంపెట్ వాయించాలి. నేర్పింది స్కూల్లో సంగీతం చెప్పే నాదియా, అమెరికా మనిషి. ఆమె మమ్మల్ని ఒక్కటే అడిగింది. పిల్ల వాయించే బాణీ కట్టిన తన తాత పేరు మైకులో చెప్పాలి. ఆయన ఫిలడెల్ఫియాలో జాజ్ వాయించేవాడు. ఇస్లాంలో చేరి ఖమరుద్దీన్ అయ్యాడు. రాత్రంతా క్లబ్బులో వాయించి, పొద్దున్నే మసీదు వెనక పేటకంతటికీ చిక్కుడు గింజల సూప్ వండిపెట్టేవాడట. క్లబ్బుల వాళ్లు మాత్రం ఆయన పోయేదాకా బోర్డు మీద పాత పేరే రాశారు.

"మా అమ్మ వీడియో కాల్‌లో వింటుంది. వాళ్ల నాన్నని ఈ పేరుతో స్టేజీ మీద ఎవరైనా పిలవగా ఆవిడ ఎప్పుడూ వినలేదు," అంది నాదియా.

సంఘం కార్యదర్శి వెంకటరామయ్య గారు నా కాగితం చూసి పెన్ను తీశారు.

"సూర్యకుమారి గారూ, అమెరికన్ మ్యూజిక్ అని చెప్పేయండి, చాలు. ముస్లిములకీ అమెరికా పాటలకీ సంబంధం ఏంటండీ? జనం కన్ఫ్యూజ్ అయిపోతారు."

"ఉందండి. బానిసలుగా ఓడల్లో తీసుకుపోయిన ఆఫ్రికా వాళ్లలో ముస్లిములు బోలెడుమంది. వాళ్ల గొంతులో విరుపులు అక్కడి పాటల్లో కలిశాయంటారు. నాదియా గంటసేపు వినిపించింది నాకు."

"గంటసేపు మన దగ్గరెక్కడుంది? సన్మానాలున్నాయి, త్వరగా కానివ్వాలి."

నాకు ఒళ్లు మండింది. రోజుకు ఐదుసార్లు అజాన్ వింటూ బతికే ఊళ్లో ఉండి ఈ ప్రశ్నేమిటి?

సభలో శాలువాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరి ఇంటిపేరు, ఊరు, చదువు, బిరుదులు అన్నీ చదవమన్నారు. చదివాను. పూలగుత్తి అందుకున్న ప్రతివాడూ "రెండే మాటలు" అంటూ మైకుకి అతుక్కుపోయాడు. స్టేజీ మెట్ల దగ్గర మనోజ్ఞ నిలబడీ నిలబడీ కూలబడింది. నాదియా ఫోన్లో వాళ్లమ్మ కళ్లజోడు సర్దుకుంటూ ఎదురుచూస్తోంది.

"పిల్ల ఐటెం వచ్చేసారి పెడదాం. ముందు డాక్టరు గారిని పిలవండి," అన్నారు వెంకటరామయ్య గారు నా చెవిలో.

నేను మైకు అందుకున్నాను. డాక్టరు గారిని పిలవలేదు.

"ఇప్పుడు మనోజ్ఞ వాయించేది ఫిలడెల్ఫియా ఖమరుద్దీన్ గారి బాణీ," అన్నాను. సూప్ సంగతీ చెప్పాను, బోర్డు సంగతీ చెప్పాను.

మనోజ్ఞ ఒకటి రెండుచోట్ల తప్పింది కానీ ఆపలేదు. అయిపోగానే వెంకటరామయ్య గారు మొహం గంటు పెట్టుకుని నా మీదికి వస్తుంటే, నాదియా ఫోన్ తెచ్చి మా మధ్య పెట్టింది. అందులో ముసలావిడ ఏడుస్తోంది. నాన్న పేరు మళ్లీ ఒక్కసారి చెప్పమంటోంది.

మైకు వెంకటరామయ్య గారి చేతిలో పెట్టాను. "ఈసారి మీరు చెప్పండి. సన్మానాలున్నాయి, త్వరగా కానివ్వాలి."

డాక్టరు గారి కోసం మడత విప్పిన శాలువా ఆయన చేతిమీద అలాగే ఉంది. గొంతు సవరించుకున్నారు.

"కీర్తిశేషులు ఖమరుద్దీన్ గారు," అన్నారు గబగబా.

ఫోన్లో ఆవిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుంది. ఆయన మళ్లీ చెప్పారు. ఈసారి తొందరపడలేదు.