ఎవరూ కాలు మోపని నేల

నేను ఒక నేల ముక్కను. పాదం మోపితే సరిగ్గా సరిపోయేంత ఉంటాను. అయినా ఏళ్ళ తరబడి నా మీద ఒక్క పాదమూ పడలేదు. ఎందుకంటే నేను శాంపిల్‌ని.

పుట్టుకతో నేను వెదురును. కొండవాలులో మమ్మల్ని కొట్టేసిన చోట వానలు పడగానే మళ్ళీ పిలకలు వచ్చాయి. అందుకే వెదురు నేల పర్యావరణానికి మంచిదని మనుషులు మెచ్చుకుంటారు. నన్ను బద్దలుగా చీల్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి, జిగురు రాసి, యంత్రంలో అదిమి పలకను చేశారు. నా తోటి పలకలు ఎవరెవరి ఇళ్ళకో నేలలై వెళ్ళిపోయాయి. నన్ను మాత్రం చిన్న ముక్కగా కోసి విజయనగరంలో ఒక ఫ్లోరింగ్ షాపుకు పంపారు.

అక్కడ సన్యాసిరావు సంచిలో పడ్డాను. షాపు తరఫున ఇల్లిల్లూ తిరిగి శాంపిళ్ళు చూపించడం అతని ఉద్యోగం. నన్ను పైకి తీసి ఎక్కడైనా ఒకే మాట చెప్పేవాడు. "సలికాలంలో కూడా కాలికి ఎచ్చగుంటాదండి."

ఆ ఇళ్ళవాళ్ళు నన్ను వేలితో కొట్టి చూసేవారు, గోటితో గీకేవారు, వాసన కూడా చూసేవారు. చెద పడుతుందా అని అడిగేవారు. నీళ్ళు పడితే ఎలా అంటే అతను దాచేవాడు కాదు. "తుడుసుకోవాలండి. నిలవుంటే ఉబ్బుతాది." భూమి పాడైపోతోందని కాసేపు అందరూ బాధపడి, చివరికి ముఖం కనిపించేంత మెరిసే టైల్స్ ఎంచుకునేవారు. ఒక హోటల్ యజమాని అయితే నన్ను పట్టుకుని ఫోటో దిగి, గుమ్మం మీద 'ప్రకృతి ఒడిలో' అని బోర్డు పెట్టి, లోపల వెదురు గీతలు అచ్చువేసిన ప్లాస్టిక్ షీటు పరిచాడు. ఆ షీటు మీద గీతలు నా గీతలకన్నా అందంగానే ఉన్నాయి.

ఒకసారి ఒకావిడ చెప్పు విడిచి, నిజంగానే నా మీద కాలు పెట్టి చూడబోయింది. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో సన్యాసిరావు నన్ను చటుక్కున లాక్కున్నాడు.

"వద్దమ్మా, సేత్తో సూడండి. నాకు కూడెట్టేది ఇదే."

ఆవిడ చిన్నబుచ్చుకుంది. వాళ్ళింటికీ టైల్సే వెళ్ళాయి. అతన్ని తప్పుపట్టలేను. దసరాకి ఆయుధపూజ నాడు స్కూటరుతో పాటు నాకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాడు. మొక్కిన వస్తువును ఎవరు తొక్కనిస్తారు? తొక్కడానికే పుట్టిన నన్ను మొక్కి కూర్చోబెట్టాడు, అంతే.

కొన్నాళ్ళకు షాపువాళ్ళు వెదురు సరుకు మానేసి నన్ను పారెయ్యమన్నారు. సన్యాసిరావు పారెయ్యలేక ఇంటికి తెచ్చి దేవుడి పటాల పక్కన పెట్టాడు. అతని ఇంట్లో పరిచినవీ తెల్లటి టైల్సే. మెరుపు చూసి మోజుపడింది అతనే.

ఆ టైల్స్ మీదే ఒక ఉదయం కుప్పకూలాడు. పక్షవాతం. మాట దక్కింది, చెయ్యి కొంత దక్కింది. ఎడమ పాదానికి మాత్రం స్పర్శ పోయింది. కింద నేల ఉందో లేదో తెలియక అడుగు వెయ్యడానికి వణికిపోయేవాడు. మంచం దిగనని మొండికేసేవాడు. భార్య పైడితల్లి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చుకునేది.

వ్యాయామం చేయించడానికి హేమలత అనే ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చేది. పాదం రకరకాల నేలలను మళ్ళీ గుర్తుపట్టడం నేర్చుకోవాలని చెప్పి, గోనెపట్టా, టైలు ముక్క సిద్ధం చేసింది. తర్వాత ఆమె చూపు నా మీద పడింది.

"అది ఇవ్వండి, బాగా పనికొస్తుంది."

"అదొద్దమ్మా!" సన్యాసిరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "నాకు కూడెట్టింది. దాని మీద కాలెలా పెడతాను?"

 పైడితల్లే నన్ను తీసుకొచ్చి, కొంగుతో కుంకుమ తుడిచి, అతని పాదం ముందు పెట్టింది.

"కాలికి ఎచ్చగుంటాదని ఊరందరికీ సెప్పింది మీరే గదా. మీరెప్పుడైనా పెట్టి సూసారా?"

 అతను మంచం పట్టె పట్టుకుని వంగి, కుడిచేత్తో నన్ను తాకి కళ్ళకద్దుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. హేమలత ఆ పాదాన్ని ఎత్తి నా మీద పెట్టింది. బరువుగా, చల్లగా ఉంది. నా జీవితంలో అదే మొదటి పాదం.

"ఏమైనా తెలుస్తోందా?"

"లేదమ్మా."

ఆ రోజూ తెలియలేదు, ఆ తర్వాత ఎన్నో రోజులూ తెలియలేదు. రోజూ ముందు టైలు, తర్వాత గోనె, తర్వాత నేను. నేను కింద పడి ఉండి ఆ పాదాన్ని బతిమాలుకునేదాన్ని.

ఒక మార్గశిర ఉదయం టైలు తీసి నన్ను పెట్టగానే అతని బొటనవేలు కదిలింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

"పైడీ, ఇలా రా."

పైడితల్లి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఎచ్చగానే ఉందే. నేనెవరికీ అబద్ధం సెప్పలేదు."

ఇప్పుడు నేను పటాల పక్కన లేను. మంచం పక్కన, అతను మొదటి అడుగు వేసే చోట ఉంటున్నాను.