ఆముదం పెట్టని వాచరు

నా భార్య సువార్తమ్మ శనివారం తెల్లవారుజామున పోయింది. వాల్వు ఆదివారం బాగుచేస్తానని మాటిచ్చి ఉన్నాను.

ఆ ఒక్క రోజు ఆగలేకపోయిందని ముందు ఆమె మీదే కోపం వచ్చింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, మాచర్లలో ఫిట్టరు జ్ఞానయ్య అంటే ఎవరైనా చెబుతారు. తర్వాత డాక్టరు మీద వచ్చింది, ఆ విషజ్వరం మీద వచ్చింది. పక్కింటి జాన్‌బీ వచ్చి ఆమె కళ్ళు మూసి దుప్పటి సర్దేసరికి, ఇంక కోప్పడ్డానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

ఆ వాల్వు సంగతి చెప్పాలి. అరవై మూడులో నేను నాగార్జునసాగరు డ్యాము పనుల్లో పైపులు బిగించేవాణ్ణి. కుడిగట్టున ఇంజనీర్ల బంగళాలకి పంపులూ షవర్లూ పెట్టడం మా పని. ఒక బంగళాలో కొత్త సామాను బిగిస్తూ పాతది పారెయ్యమన్నారు. అందులోంచి ఒక ఇత్తడి వాల్వూ, ఒక షవరూ అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ వాల్వు పిడి ఇటు తిప్పితే నీళ్ళు కింద పంపుకి పోతాయి, అటు తిప్పితే పైన షవరుకి పోతాయి. ఇంజనీర్లు డైవర్టరు అనేవాళ్ళు, మేం రెండుదార్ల వాల్వు అనేవాళ్ళం. మిద్దె మీద డ్రమ్ము పెట్టి, పైపు కిందికి దించి, దొడ్లో నాపరాళ్ళు నిలబెట్టి స్నానానికి మరుగు కట్టాను. మా పేటలో అలాంటిది ఇంకెవరికీ లేదు.

సువార్తమ్మ సంబరం చూడాలి! చేదబావి నుంచి పన్నెండు బిందెలు మోసి, నిచ్చెనెక్కి డ్రమ్ము నింపింది. షవరు కింద నిలబడి పిడి పైకి తిప్పింది. నెత్తి మీద నాలుగు చుక్కలు రాలాయి. మిగతా నీళ్ళన్నీ కింద పంపులోంచి ఆమె కాళ్ళ మీద పడి పోయాయి. వాల్వు లోపల తోలు వాచరు అరిగిపోయి, కిందిదారి మూసుకోవడం లేదు. వాచరు మార్చాలి, అంతే. అరగంట పని.

ఆ అరగంట నాకు ఏడాదిన్నర దాకా దొరకలేదు.

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చంతా గెలిచొచ్చావు గాని, ఇంటో పంపు మాత్రం నీ మాట ఇననంటందయ్యా” అని నవ్వేది.

“పొద్దస్తమానం పంపులతోనే చస్తన్నా. ఇంటికొచ్చినా పంపుల గోలేనా? చెంబుతో పోసుకుంటే ఒళ్ళు తడవదా ఏంది?” అని అరిచేవాణ్ణి.

అరిస్తే ఊరుకునేది. కింద పంపు దగ్గర బిందె పెట్టుకుని చెంబుతోనే పోసుకునేది. నెలకోసారి మళ్ళీ అడిగేది. నేను మళ్ళీ అరిచేవాణ్ణి. మా కాపురమంతా అట్లాగే గడిచిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

జ్వరం వచ్చిన ఏడో రోజు, నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

“ఆ వానపంపు కింద ఒక్కసారి తల పెడితే ఈ వేడి దిగుద్దయ్యా.”

“ఆదివారం సెలవు. ఆదివారం చేస్తాలే.”

“ఒట్టు?”

“ఒట్టే. పడుకో.”

ఆ ఒక్కసారే నేను అరవలేదు.

శనివారం పొద్దున్నే నరసరావుపేటలో ఉన్న సువార్తమ్మ అక్క మరియమ్మకి తంతి కొట్టించాం. ఆమె మధ్యాహ్నం రైలుకి వస్తుంది. నాలుగింటికి సమాధి కార్యక్రమం పెట్టుకుందామని పాస్టరు గారు చెప్పి వెళ్ళారు. పేటలో ఆడవాళ్ళు చేరారు. చివరి స్నానానికి పెద్ద కాగు ఎత్తుకొచ్చారు.

“అన్నా, వదినకి నీళ్ళు తోడమంటావా?” అని జాన్‌బీ అడిగింది.

“తోడమాక. మీ వదిన షవరు కిందే పోసుకుంటది.”

జాన్‌బీ నా మొహం చూసి కాగు పక్కకి జరిపింది. మిగతా ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను సామాను సంచీ తీసుకుని దొడ్లోకి పోయాను.

వెనకాలే మా పెద్దమేస్త్రీ అబ్దుల్ గఫార్ వచ్చాడు. నాకు పని నేర్పినవాడు ఆయనే.

“జ్ఞానయ్యా, ఇదేం పనిరా? లోపల మనిషిని పెట్టుకుని పానా పట్టుకుంటావా? జనం ఏమనుకుంటారు?”

“అనుకోనీ మేస్త్రీ. నేను ఒట్టేశా.”

ఆయన జేబులోంచి కొత్త రబ్బరు వాచరు తీసి రాయి మీద పెట్టాడు. “ఇది పెట్టు. రెండు నిమిషాల్లో అయిపోద్ది. తొందరగా లోపలికి రా” అని పోయాడు.

ఆమె మంచాన పడ్డప్పటినుంచి డ్రమ్ము ఖాళీగానే ఉంది. వాల్వు మూతకి పానా పట్టించాను. ఏడాదిన్నరగా తియ్యని మూత, పట్టేసి ఉంటుందనుకున్నాను. చేత్తో తిప్పితే వచ్చేసింది. మరల మీద నీళ్ళు కారకుండా రాసే తెల్లటి సఫేదా ముద్ద లేదు. కొత్త నూలుదారం చుట్టి ఉంది, అదీ అడ్డదిడ్డంగా. ఎవరు చుట్టారిది? వాచరు బిగించే కాడ బయటికి లాగాను.

చివర పాత నల్లవాచరు లేదు. దాని చోట గోధుమరంగు తోలుముక్క ఉంది. కత్తెరతో కత్తిరించింది, అంచులు వంకరటింకరగా ఉన్నాయి. మధ్యలో బెజ్జం మాత్రం మేకు కాల్చి పొడిచింది, నేను పొడిచినట్టే, సరిగ్గా నట్టనడుమ. తోలు ఎండి అప్పడంలా పైకి లేచింది. ఒక పక్క సగం చెరిగిన చిన్న పువ్వు ముద్ర ఉంది.

ఆ పువ్వు నాకు తెలుసు. కిందటేడు క్రిస్మస్‌కి నేను కొనిచ్చిన చెప్పుల మీద పువ్వు అది.

నెల కిందట ఒంటి చెప్పు చేత్తో పట్టుకుని నిలబడి, “రెండోది కుక్క ఎత్తుకుపోయిందయ్యా” అంది. కొత్త చెప్పులు కాపాడుకోవడం కూడా చేతగాని దానివని వీధంతా వినపడేట్టు తిట్టాను. అప్పటినుంచి ఆమె ఉత్తకాళ్ళతోనే బావికి పోయింది. మా మాచర్ల ఎండకి నాపరాళ్ళు ఎట్లా కాలతాయో అందరికీ తెలుసు.

“జాన్‌బీ!” అని కేకేశాను.

పరిగెత్తుకొచ్చింది. నా చేతిలో ఉన్నది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నీకు తెలుసా?”

“స్టూలు నేనే పట్టుకున్నా అన్నా. నువ్వు పనికి పోయినాక నీ పాత పానాతో ఇప్పింది. ‘మీ అన్నకి చెప్పమాక, సామాను ముట్టుకున్నానని అరుస్తాడు. బాగైనాక నేనే చూపిస్తా’ అంది. బిగిచ్చింది గాని నీళ్ళు మళ్ళా కిందికే పోయినయ్. ‘ఏదో ఒకటి తప్పు చేశానే, అదేందో తెలవట్లా’ అని చానాసేపు కూచుంది ఇక్కడే.”

ఆ తప్పేమిటో నాకు తెలుసు. ఎండుతోలు దారికి ఆనదు, నీళ్ళు ఆపదు. ఆముదంలో నానబెట్టి మెత్తబరిచి పెట్టాలి. మా పనిలో చేరినవాడికి మొదటి రోజు చెప్పే మాట అది.

ఆమె అడిగింది కూడా. ఒక సాయంత్రం నేను వసారాలో వాచర్లు కోసుకుంటుంటే, చేటలో బియ్యం చెరుగుతూ అడిగింది: “తోలుముక్కల్ని ఆముదంలో ఎందుకేస్తావయ్యా?”

“నువ్వేమన్నా మేస్త్రీవా? పోయి కూర మాడుద్దేమో చూడు” అన్నాను.

పోయి కూర చూసింది. ఒక్క మాట చెబితే నా సొమ్మేం పోయేది?

అక్కడే నాపరాళ్ళ మీద కూలబడి ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. జాన్‌బీ లోపలికి పోయి, సువార్తమ్మ తలకి రాసుకునే ఆముదం సీసా తెచ్చి నా పక్కన పెట్టింది.

గిన్నెలో ఆముదం గోరువెచ్చగా చేసి ఆ తోలుముక్క వేశాను. గఫార్ మేస్త్రీ మళ్ళీ వచ్చాడు.

“ఇంకా కాలేదా? రబ్బరుది పెట్టమన్నానుగా! అది నానేదెప్పుడు, నువ్వు పెట్టేదెప్పుడు?”

గిన్నెలోంచి తోలు తీసి ఆయనకి చూపించి, అది ఎవరు కోశారో చెప్పాను. ఆయన దాన్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. బెజ్జం మీద బొటనవేలు పెట్టాడు. తర్వాత రబ్బరు వాచరు తీసి తన జేబులో వేసుకున్నాడు.

“బెజ్జం బానే పొడిచిందిరా” అని తల తిప్పుకున్నాడు.

అది నానేలోపు బిందె పట్టుకుని బావికి పోయాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నేను ఇంటికి ఒక్క బిందె నీళ్ళు తెచ్చిన పాపాన పోలేదు. మగవాడు బిందె మొయ్యడం ఏమిటని బావి దగ్గరవాళ్ళు వింతగా చూశారు, తర్వాత దారిచ్చారు. ఆరో బిందెకే భుజం పోయింది. నిచ్చెన మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కాను. పన్నెండూ నేనే మోశాను, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

తోలు మెత్తబడి వేలికి అతుక్కుంది. అంచులు కొంచెం సరిచేశాను గాని బెజ్జం ముట్టుకోలేదు. కాడకి బిగించి, మరలకి సఫేదా రాసి, ఆమె చుట్టిన దారం మీదే ఇంకో రెండు చుట్లు చుట్టి మూత పెట్టాను.

అప్పటికి రైలు దిగి మరియమ్మ వదిన వచ్చేసింది. చెల్లెలి మీద పడి ఏడ్చి ఏడ్చి, సంగతి విని దొడ్లోకొచ్చింది.

“బతికుండగా చెయ్యలేదంట గదా మరిదీ! చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?”

“ఏం లాభం లేదు వదినా. అయినా ఒక్కసారి నీళ్ళు పొయ్యండి దీని కింద.”

ఆడవాళ్ళు ఆమెను బల్ల మీద మోసుకొచ్చి మరుగులోకి తీసుకుపోయారు. చుట్టూ దుప్పట్లు పట్టుకున్నారు. నేను అవతల గోడకి ఆనుకుని నిలబడ్డాను. లోపల జాన్‌బీ పిడి తిప్పింది. ముందు పైపులో గాలి బుసకొట్టింది. తర్వాత షవరు నుంచి నీళ్ళు పడ్డ చప్పుడు వినపడింది, సన్నగా, ఆగకుండా, ఆమె అన్నట్టు వానలాగే. కింద పంపు చప్పుడు కోసం చెవి పెట్టి విన్నాను. లేదు. డ్రమ్ములో పన్నెండు బిందెలూ అయిపోయేదాకా ఎవరూ కట్టెయ్యలేదు.

మరియమ్మ వదిన తడిసిన చీరతో బయటికొచ్చింది. నన్ను తిట్టడానికి ఇంక ఓపిక లేనట్టుంది.

“తల చల్లగా అయింది దానికి” అంది. “కింద ఒక్క చుక్క కారలేదు మరిదీ. మంచి పనోడివే.”

“నేను కాదు వదినా, మీ చెల్లెలే చేసింది” అన్నాను. “నేను ఆముదం పెట్టా. అంతే.”

‘నువ్వే చేశావు’ అన్న మాట బతికున్న రోజుల్లో ఆమె వినేటట్టు ఒక్కసారన్నా అన్నానా అని వెతుక్కున్నాను. అనలేదు. మంచం కింద ఒంటి చెప్పు ఇంకా అట్లాగే ఉంది. శవపెట్టె మూసే ముందు అది తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాను.