చల్లారని చేతులు

తెల్లారేసరికి రామక్క వాకిట్లో ఆడవాళ్లు కుండలతో వచ్చి కూర్చునేవారు. రామక్క ఒక్కో కుండను రెండు చేతులతో పట్టుకుంటే చాలు, ఎసరు మరిగేది. ఒకరు జావ కాచుకునిపోతే ఒకరు చంటిపిల్లకు నీళ్లు కాచుకునిపోయేవారు. ఎర్రబోరు ఊరి చుట్టుపక్కల అడవికి సర్కారు హద్దురాళ్లు పాతింది మొదలు ఎండుపుల్ల ఏరినా జరిమానాయే. పొయ్యిలోకి పుల్ల లేని రోజుల్లో రామక్క చేతుల్లో మండే కోపం ఊరికి అక్కరకొచ్చింది. "జర మెల్లగ పట్టు తల్లీ, నిన్న నా జావ అడుగంటింది" అని వాళ్లలో లక్మే అనే ఆమె సణిగేది. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

ఆ కోపానికి కారణం ఇంట్లో నులకమంచం మీద బోర్లా పడుకుని ఉండేది. ఆమె మొగుడు కాశయ్య.

అంతకుముందు చలికాలం కాశయ్యను వెట్టికి పట్టుకుపోయారు. డాక్ బంగళాకు దూలం మోయాలి. ముందు కొస కాశయ్యది, వెనక కొస అడవి లోపలి ఊరి హడ్మాది. వాగు గట్టు దిగుతూ కాలు జారి ఇద్దరూ పడ్డారు, ఇద్దరి నడుముల మీదా అదే దూలం పడింది. గోదావరి అవతలి మిషన్ డాక్టరు ఒకే రోజు ఇద్దరి వెన్నూ కోసి, విరిగిన ఎముక ముక్కలు తీసి కుట్టాడు. "నరం తెగలేదు. చీము పట్టకపోతే మూడు నెలల్లో లేస్తారు. కాగిన నీళ్లతో తప్ప పుండు కడగొద్దు" అని చెప్పి పంపాడు.

హడ్మా ఊరికి దవాఖానా దరిదాపుల్లో లేదు. వాళ్లమ్మే నీళ్లు కాచి కడిగింది. మూడు నెలలకు లేచాడు, ఏడు తిరక్కుండా తాటిచెట్టు ఎక్కాడు. కాశయ్య ఖర్మకొద్దీ ఇంటి పక్కనే సర్కారు దవాఖానా ఉంది. అక్కడి కంపౌండరు రోజూ వచ్చి కట్టు మార్చేవాడు. ఏడో రోజున రామక్క కళ్లారా చూసింది. అతను పచ్చి బావినీళ్లలో గుడ్డ ముంచి పుండు తుడుస్తున్నాడు.

"నీళ్లు కాచలేదేందయ్యా?"

"పొయ్యి లకడీ అంతా బంగళాకు పోయిందమ్మా. పెద్ద సాయెబు దిగిండు. హుకుం."

రామక్క బంగళా దాకా పోయి చూసింది. మూడు కాగుల్లో నీళ్లు మరుగుతున్నాయి. రెండు సాయెబు స్నానానికి, మూడోది ఆయన గుర్రం కాళ్లు కడగడానికి. ఇంటికొచ్చి దాహానికి చెంబు అందుకుంటే చెంబులో నీళ్లు కుతకుతలాడాయి.

పదో రోజుకు పుండు చీము పట్టింది. జ్వరం తలకెక్కి కాశయ్య పలవరించాడు. ఈసారి ఎడ్లబండి మీద డాక్టరే ఇంటికి వచ్చి, కుట్లు విప్పి, కుళ్లిన ఎముక గీకి తీశాడు. పోతూ పోతూ రామక్కను పక్కకు పిలిచాడు.

"ఇప్పుడిక నెలల మాట కాదమ్మా, ఏళ్లు పడుతుంది. అప్పటికీ మునుపటి మనిషి అవుతాడని చెప్పలేను. రెండు పూటలా కాగిన నీళ్లు, కాచిన గుడ్డ. ఇది తప్పితే దక్కడు."

రామక్క తప్పలేదు. ఆమెకు కోపం ఉన్నంతకాలం వేన్నీళ్లకు కరువు లేదు.

వానలు పడ్డాక ఊరి పెద్ద ముయా, కంపౌండర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పక్క తగాదా తెగాలంటే ఇద్దరూ ఒకే కుండలో కల్లు తాగాలి. తాగాక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు, మనసులోనూ పెట్టుకోకూడదు. కంపౌండర్ నిజంగానే ఏడ్చాడు. చెడ్డవాడేం కాదు, పిరికివాడు. పిరికివాళ్ల చేతుల్లో పోయినవాళ్లకు లెక్కుందా?

ముయా ఆకుదొప్పలో కల్లు పోసి రామక్కకు అందించాడు.

"తాగరాదే" అన్నాడు కాశయ్య మంచం మీంచి. "ఎన్నాళ్లు గిట్ల మండుతవ్? నిన్ను చూస్తే నాకే భయమైతాంది."

తాగితే చేతులు చల్లబడతాయి. చల్లబడితే సాయంత్రం పుండు కడగడానికి వేన్నీళ్లెక్కడివి? దొప్పలో కల్లు అంచు దాటి పొంగింది. రామక్క దాన్ని నేలపాలు చేసింది.

"పుండు మానిన్నాడు తాగుతా. అందాక నా కోపం జోలికి ఎవ్వరూ రావొద్దు."

పుండు మానడానికి రెండేళ్లు పట్టింది. మూడో ఏడు కాశయ్య గోడ పట్టుకుని లేచాడు, ఆపైన కర్ర పట్టుకుని నడిచాడు. ఆ కబురు విని ముయా, కంపౌండర్ మళ్లీ కల్లు తెచ్చారు. అందరూ నేల మీద చుట్టూ కూర్చున్నారు. కాశయ్యకు వెన్ను వంగదు. నలుగురితో కింద కూర్చోలేక గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

మాటంటే మాటే. రామక్క తాగుదామనే దొప్ప అందుకుంది. నోటి దాకా తెచ్చి మొగుడి వంక చూసింది. దొప్ప లోంచి ఆవిరి లేచింది.

"పుండు మానింది గదమ్మా" అన్నాడు కంపౌండర్.

"పుండు మానింది. మనిషి మానలేదు." దొప్ప కింద పెట్టేసింది. "రేపటి సంది నీ కత్తులు, కత్తెర్లు, గుడ్డలు పొద్దుగాల్నే ఇటు పట్కరా. కాచిస్తా. కల్లు నువ్వే తాగు."

అతను తాగలేదు. తెల్లారి సామానంతా మూటగట్టి తెచ్చాడు. తర్వాత ఏ రోజూ మానలేదు.

ఆ ఏటి పంట కోతలప్పుడే ఊళ్లో సన్నే అనే ఆమె పాదం మీద గొడ్డలి పడి ఎముక దాకా తెగింది. కంపౌండర్ రామక్క వాకిట్లోనే కుట్లు వేశాడు, ఆమె కాచిన నీళ్లతోనే రోజూ కడిగాడు. పదో రోజు కట్టు విప్పితే చీము చుక్క లేదు. సన్నే తన కాళ్ల మీద తాను ఇంటిదారి పట్టింది.

ఆమె మలుపు తిరిగేదాకా రామక్క చూస్తూ నిలబడింది. తర్వాత కర్ర మీద వాలి నిలబడ్డ కాశయ్యను చూసి, కంపౌండర్ వైపు తిరిగింది.

"కడివెడు వేన్నీళ్లు" అంది. "ఇంతేనా?"